తియ్యొద్దన్న మనిషి

ఇదొక మహాకావ్యం. ఇందులో సూర్యుడున్నాడు, చంద్రుడున్నాడు, పట్టపగలు దిగిన చీకటి ఉంది, ఒక నాయకుడి మాట జవదాటని నలభై మంది సైన్యం ఉంది, పాతికేళ్ళు దాచిన రహస్యం కూడా ఉంది.

అలా మొదలుపెడితే బాగుంటుందనుకున్నాను. నిజానికి ఇది కోల్‌కతాలో, ఖిదిర్‌పూర్ డాకులో ఓడలకి వెల్డింగు చేసి రిటైరైన ఒకాయన గురించి. సైన్యం అంటే మా తెలుగు చర్చి వాళ్ళు. యుద్ధానికి బస్సులో వెళ్ళారు. సగం మందికి దారిలో వాంతులయ్యాయి.

ఆయన పోయిన నెలలో చనిపోయాడు. నేను మావా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. ఏక్‌బాల్‌పూర్‌లో ఒకే మేడలో పైన వాళ్ళు, కింద మేము. వాళ్ళ ట్యాంకు పొంగితే మా గోడ తడుస్తుంది, అదీ మా బంధుత్వం. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టి నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నేను ఎక్కడున్నా నవ్విస్తానని అందరికీ ఒక నమ్మకం. లేచి, "మావ మంచోడు" అన్నాను. కూర్చున్నాను. లెక్కకి సరిగ్గా రెండు మాటలే. ఏడుపూ రాలేదు, జోకూ రాలేదు. దవడకి సూదిమందు ఇచ్చాక పన్ను పీకుతున్నప్పుడు ఉంటుందే, ఎవరిదో నోరు అన్నట్టు, అలా ఉంది.

మావ ఎవరినైనా కలిస్తే ముందు మొహం చూసేవాడు కాదు, కళ్ళు చూసేవాడు. బొటనవేలితో కింది రెప్ప కిందికి లాగి, వెలుతురు వైపు తిప్పి మరీ చూసేవాడు. పలకరింపు అదే. "ఎర్రగున్నాయేటిరా? ఫోను సూసేవా, సీసా సూసేవా?" కొత్తగా వచ్చిన పాస్టరుగారి రెప్ప కూడా మొదటి ఆదివారమే లాగాడు. పాపం ఆయన అది ఈ ఊరి తెలుగువాళ్ళ ఆచారం కాబోలనుకుని, చెయ్యి చాపి మావ రెప్ప లాగారు. ఇద్దరూ చర్చి గుమ్మంలో ఒకరి కళ్ళు ఒకరు పట్టుకుని నిలబడిపోయారు.

ఈ కళ్ళ పిచ్చికి కారణం ఉంది. డాకులో మావతో పనిచేసిన వెల్డరు ఒకాయన ఎప్పుడో ఒక పాత గ్రహణాన్ని ఎక్స్‌రే ఫిల్ము అడ్డం పెట్టుకుని చూశాడట. ఆ సాయంత్రం బాగానే ఉన్నాడు. తెల్లారేసరికి చూపు మధ్యలో ఒక మచ్చ. అది మరి పోలేదు. "పెళ్ళాం సెవులు కనపడతాయి, జడ కనపడతాది. మొకం మట్టుకి కనపడదు" అని మావ చెప్పేవాడు.

"కొందరికది వరం మావా" అన్నాను ఒకసారి.

మావ నవ్వలేదు. నా రెప్ప లాగి చూసి వదిలేశాడు. నా జోకులన్నిటికీ ఆయన సమాధానం అదే. లోపల ఏదో జబ్బు ఉండి ఇలా మాట్లాడుతున్నానని ఆయన అనుమానం.

ఆయన మంచం కింద ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా ఉండేది. నిండా అట్టముక్కల్లో బిగించిన వెల్డింగు అద్దాలు, అన్నీ పద్నాలుగో నంబరువి. అన్నిటికన్నా నల్లవి. నెలకోసారి తీసి, తుడిచి, గీత పడిందేమో చూసి, ఒక్కొక్కటీ ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెట్టేవాడు. లైటు కనపడితే ఆ అద్దం చెత్తబుట్టలోకి. లైటు కనపడకపోతే పాస్. మసిపూసిన గాజుపెంకులు, ఫొటో నెగటివులు, బకెట్లో నీళ్ళు, ఇవంటే ఆయనకి అసహ్యం. ఎవరో రెండు నల్లకళ్ళజోళ్ళు ఒకదానిమీద ఒకటి పెట్టుకుంటే చాలదా అని అడిగితే, "పెట్టుకో. అంధుల స్కూలు బెహాలాలో ఉన్నాదంట, కనుక్కుని సెప్తాను" అన్నాడు.

ఇప్పుడు యుద్ధం సంగతి. నేను పుట్టకముందు, తొంభైల్లో, డైమండ్ హార్బర్ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. కోల్‌కతాకి బస్సు దూరంలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడంటే మనిషి జన్మలో ఒకసారి జరిగే సంగతి. మావ చర్చి వాళ్ళని నలభై మందిని పోగు చేశాడు. ఊరికే బస్సెక్కించలేదు. నాలుగు ఆదివారాలు ఆరాధన అయ్యాక ఆవరణలో డ్రిల్లు చేయించాడు. దించు అంటే అందరూ తల దించాలి. పెట్టు అంటే అద్దం కళ్ళకి పెట్టాలి. ఎత్తు అంటే అప్పుడు తల ఎత్తాలి. ఆపాలంటే మళ్ళీ తల దించాకే అద్దం తియ్యాలి. తల ఎత్తి ఉండగా అద్దం తీసినవాణ్ణి వరసలోంచి పంపించేసేవాడు. మా అమ్మకి అప్పుడు పెళ్ళి కాలేదు, ఆ నలభైలో తనూ ఒకర్తి. ఇప్పటికీ ఎవరైనా గట్టిగా "పెట్టు" అంటే ఆవిడ చెయ్యి కళ్ళ దాకా వెళ్ళి ఆగుతుంది. మా ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు ఇది కొంచెం ఇబ్బంది.

ఆ ఉదయం నది ఒడ్డున జనం. వీళ్ళు ఒక పక్కగా రెండు వరసల్లో నిలబడ్డారు. సూర్యుడు కొరికిన బిస్కెట్టులా తగ్గుతూ వచ్చాడు. అద్దాల్లోంచి ఆకుపచ్చగా కనపడుతూనే ఉన్నాడు. సన్నని గీత అయ్యాడు. గీత కూడా పోయింది. చీకటి, చల్లగాలి. చుట్టూ బెంగాలీ జనం ఒక్క అరుపు అరిచారు. శంఖాలు ఊదారు. పక్కనున్న కుర్రాళ్ళు, సైన్సు క్లబ్బు వాళ్ళట, వీళ్ళని చూసి "ఖులున్ దాదా, ఖులున్! చశ్మా ఖులున్!" అని గంతులేశారు. తియ్యండి, తియ్యండి అని.

మావకి బెంగాలీ తెలుగంత బాగా వచ్చు. అర్థం కాక కాదు. వెనక్కి తిరిగి తన వాళ్ళతో, "ఇనకండి! వీళ్ళు ఫుట్‌బాలుకీ ఇలాగే అరుస్తారు. తియ్యొద్దు! ఎవులూ తియ్యొద్దు!" అని అరిచాడు.

ఎవరూ తియ్యలేదు. నిమిషం పైన కాస్త. నలభై మంది తెలుగువాళ్ళు తలలెత్తి, నల్లటి అద్దాల్లోంచి నల్లటి నలుపు చూశారు. తర్వాత సూర్యుడు మళ్ళీ గీతలా వచ్చాడు, దించు అన్నాడు, దించారు. ఒక్కరి కన్ను చెక్కుచెదరలేదు. తిరిగొస్తూ బస్సులో కీర్తనలు పాడారు.

అప్పటినుంచి మావ ఆ కథ చెప్పని పండగ లేదు. "సంపూర్ణమంటే ఏటనుకున్నారు? సంపూర్ణమే. ఏటీ కనపడదు. నలుపు. దేవుడు లైటు ఆర్పీసినట్టు." వినేవాళ్ళు తలలూపేవారు. చివరికి ఎప్పుడూ ఒకే మాట: "నలభై మందిని తీసికెల్లినాను, ఎనభై కళ్ళు తిరిగి తెచ్చినాను." ఆయన జీవితంలో ఇంకే సంగతీ ఇంత శ్రద్ధగా చెప్పడం నేను వినలేదు. వెల్డింగు చేసిన ఓడల పేర్లు కూడా ఆయనకి గుర్తులేవు.

దీన్ని నేను ఎలా పాడుచేశానో చెప్తాను.

లాక్‌డౌన్ ఏడాది జూన్‌లో ఒక ఆదివారం కోల్‌కతాలో పాక్షిక గ్రహణం. చర్చి మూసి ఉంది. మావ పొద్దున్నే మంచం కింద నుంచి డబ్బా లాగాడు. మేడమీద మేం నలుగురం: మావ, నేను అత్తా అని పిలిచే వాళ్ళావిడ, మా అమ్మ, నేను. మూతులకి మాస్కులు, కళ్ళకి అద్దాలు. బ్యాంకు దోచుకోడానికి అన్నీ ఉన్నాయి, బ్యాంకే మూసేశారు. ఆకాశం నిండా మబ్బు. అప్పుడప్పుడూ మబ్బు చిరిగినప్పుడు దించు, పెట్టు, ఎత్తు. మిగతా సమయమంతా మావ పాత కథ చెప్తున్నాడు. అత్త నీడలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

నాకు తోచక ఫోనులో గ్రహణం ఎలా చూడాలో చదువుతున్నాను. చదివి, ఏమీ ఆలోచించకుండా పైకి అనేశాను.

"మావా, సంపూర్ణం అయినప్పుడు అద్దం తీసి చూడాలంట."

"ఏటి?"

"కొంచెం మిగిలున్నంతసేపూ అద్దం ఉండాలంట. పూర్తిగా మూసుకున్న ఆ నిమిషం మాత్రం తీసెయ్యాలి. మళ్ళీ చుక్కంత వెలుగు రాగానే పెట్టేసుకోవాలి. అద్దంలోంచి చూస్తే నలుపు తప్ప ఏమీ కనపడదంట." ఇంకా ఆపలేదు నేను. "అంటే మావా, నువ్వు నలభై మందిని బస్సులో డైమండ్ హార్బర్ తీసికెళ్ళి చీకటి చూపించావు. ఇంట్లో దుప్పటి కప్పుకున్నా అదే కనపడేది, వాంతులైనా తప్పేవి."

మా అమ్మ పకాలుమంది. నేనూ నవ్వాను. మావ చెయ్యి చాపాడు. ఫోనులో ఫొటో పెట్టి ఇచ్చాను. నల్లటి గుండ్రం, దాని చుట్టూ తెల్లటి వెలుగు పాయలు పాయలుగా. రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఎంతసేపుంటాది?"

"నిమిషం. రెండు."

"మాకూ అంతే ఉన్నాది" అన్నాడు.

తెరమీద తన బొటనవేలి మరక పడిందని లుంగీ అంచుతో తుడిచి ఫోను తిరిగిచ్చాడు. నా కంటి రెప్ప లాగలేదు. అత్త బియ్యంలోంచి తల ఎత్తలేదు. ఆ తర్వాత మబ్బు తొలగి సూర్యుడు సగం కనపడ్డాడు గానీ, దించు అనేవాడు మాట్లాడలేదు కాబట్టి ఎవరమూ చూడలేదు.

బస్సులు మళ్ళీ నడవడం మొదలయ్యాక ఒకరోజు మావ ఉతికిన చొక్కా వేసుకుని కిందికొచ్చాడు. "ఫోను తీసుకుని నాతో రా."

"ఎక్కడికి?"

"ఆళ్ళకి సెప్పాల గదా."

నలభై మందిలో సగం పైగా పోయారు. కొందరు విశాఖపట్నం వెళ్ళిపోయారు. ఈ చుట్టుపక్కల మిగిలినవాళ్ళు కొద్దిమంది. ఆయన ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, నిలబడి, "నాను తప్పు సెప్పినాను. తియ్యాల్సిందంట" అనేవాడు. నేను ఫొటో చూపించాలి. అది నా ఉద్యోగం. చావు కబురు చెప్పడానికి ఇద్దరు వెళ్ళినట్టుండేది, కాకపోతే చచ్చింది పాతికేళ్ళ కిందట.

బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లులో పనిచేసిన తాత ఒకాయన ఫొటో చూసి, "అయితే ఏటి? నిన్ననే కంటికి ఆపరేషనయ్యింది, నాకు నువ్వే కనపడ్డం నేదు" అన్నాడు. మరమరాలు పెట్టి పంపించాడు. మావ మొహం కొంచెం తేలికపడింది. అందరూ ఇలాగే అంటారని నేనూ అనుకున్నాను.

ఏక్‌బాల్‌పూర్‌లోనే, మాకు నాలుగు సందుల అవతల, కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చి రిటైరైన ఒకావిడ ఉంది. ఆవిడ గుమ్మంలోనే ఫోను లాక్కుని చూసింది.

"పెద్దది సెయ్యి" అంది. చేశాను.

"ముప్పై ఏళ్ళు ఈ ఊరు ఊడ్సినాను. మాయమ్మ సచ్చిపోతే రెండో రోజుకి డ్యూటీకి ఎల్లినాను. నా అంతట నాను సెలవడిగి తీసుకున్నది ఒక్కరోజు. సూర్యుణ్ణి సూద్దారని."

"అవును" అన్నాడు మావ.

"ఆ కుర్రోళ్ళు తియ్యండి, తియ్యండి అంటానే ఉన్నారు."

"అవును."

"నువ్వు తియ్యొద్దన్నావు."

"అన్నాను."

"నీ మాటిన్నాను" అంది ఆవిడ. తిట్టి ఉంటే బాగుండేది. లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. అందులో పంచదార లేదు. మర్చిపోయిందో, తెలిసే చేసిందో. నేను ఒక గుక్క తాగి పక్కన పెట్టాను. మావ మొత్తం తాగి, గ్లాసు కడిగి, బోర్లించి వచ్చాడు.

దారిలో ఏదైనా జోకు వెయ్యాలని చూశాను. ఒకటి దొరికింది కూడా. వెయ్యలేదు. ట్రాము పట్టాలున్నాయి, ట్రాములు లేవు. పట్టాల మీద నడుచుకుంటూ వచ్చేశాం.

ఇంటికొచ్చేసరికి అత్త చేపలు తోముతోంది. మావ మంచం మీద కూర్చుని, "ఇంక ఎవులున్నారు?" అని నన్నడిగాడు. నేను వేళ్ళు మడుస్తున్నాను.

"నానూ ఉన్నాను గదా, ఆ బస్సులో" అంది అత్త.

నిజమే. మా ఇద్దరికీ తట్టలేదు. మావ లేచి నిలబడ్డాడు. పరాయివాళ్ళ గుమ్మంలో నిలబడ్డట్టే నిలబడి, "ఒలే, నాను తప్పు సెప్పినాను. అప్పుడు..."

"నాను సూసినాను."

"ఏటి సూసినావు?"

"అదే. అద్దం తీసీసి సూసినాను." చేప తిరగేసింది. "ఎవర్తో బెంగాలీ గుంట, పక్కనున్నాది. ఖోలో దీదీ అని నా సెయ్యి పట్టుకుని లాగీసింది. నువ్వు అటు తిరిగి అరుస్తున్నావు."

ట్యాంకులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు.

"ఎలగున్నాది?" అన్నాడు మావ.

అత్త ఆలోచించింది. "ముసలమ్మ తలంటుకుని జుట్టు ఆరబెట్టుకున్నట్టు. తెల్లగా. నలుపక్కలా."

"మరి నాకు సెప్పనేదేటి?"

"తియ్యొద్దన్నావు గదా" అంది అత్త. "ఎనభై కళ్ళు, ఎనభై కళ్ళని అందరికీ సెప్పుకుని తిరుగుతున్నావు. మద్దిలో నానేటి సెప్పను?"

మావ దగ్గరికి వెళ్ళాడు. చేపల చేత్తో ఉన్న మనిషిని గెడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పాడు. బొటనవేలితో ఆవిడ కింది రెప్ప లాగాడు. ఒక కన్ను, తర్వాత రెండోది. పాతికేళ్ళు ఆలస్యంగా. "ఏటీ నేదు. శుక్లం మొదలయ్యినాది, అంతే" అన్నాడు. ఇంకా ఏమన్నా అంటాడేమోనని చూశాను. చేపలు బాగా తొమ్మన్నాడు.

ఆ తర్వాత మావ మారిపోయాడంటే బాగుంటుంది గానీ, మారలేదు. రెప్పలు లాగుతూనే ఉన్నాడు. ఎనభై కళ్ళ కథ మాత్రం ఆపేశాడు. ఎవరైనా అడిగితే "నానే నేదు అక్కడ" అనేవాడు. ఆ కథ ఆయన దగ్గర్నుంచి నేనే లాక్కున్నాను. బదులు ఏమీ ఇవ్వలేదు. ఒక్కటి చెప్పాను: మన దేశంలో మళ్ళీ సంపూర్ణ గ్రహణం రెండువేల ముప్పై నాలుగులో, కశ్మీరు వైపు. అప్పటికి తనకి ఎనభై దాటుతాయని లెక్కేసుకుని, "అయితే ప్రాక్టీసు సెయ్యాల" అన్నాడు.

డ్రిల్లులో కొత్త మాట చేరింది. దించు, పెట్టు, ఎత్తు, తియ్యి. మావ గదిలో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు సూర్యుడు. చంద్రుడు స్టీలు కంచం, దాన్ని పట్టుకునేది నేను. కంచం బల్బుకి అడ్డంగా తెచ్చి, "తియ్యి" అంటాను. ఆయన తియ్యాలి. అంతే పని.

తియ్యలేకపోయాడు.

"సెయ్యి ఇనట్నేదురా" అనేవాడు. నిప్పురవ్వల ముందు అద్దం తియ్యకూడదని జీవితమంతా చేతికి నేర్పించాడు. తియ్యి అనగానే ఆ చెయ్యి అద్దాన్ని ఇంకా గట్టిగా మొహానికి అదిమేసుకునేది. మళ్ళీ మళ్ళీ చేశాం. కొన్ని నెలలు, తర్వాత కొన్నేళ్ళు. నా చెయ్యి నొప్పెట్టి చంద్రుడు వణికేవాడు. "మావా, నువ్వు ఇలాగే ఉంటే కశ్మీరు దాకా వెళ్ళి మళ్ళీ చీకటే చూస్తావు" అన్నాను. అది జోకు కాదు. ఆయన నవ్వాడు, మొదటిసారి.

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం అత్త టీ గ్లాసులు పట్టుకుని లోపలికొచ్చింది. నేను కంచంతో, ఆయన అద్దంతో. "తియ్యి" అన్నాను. తియ్యలేదు. అత్త గ్లాసులు కింద పెట్టి, ఆయన మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగేసింది.

మావ చూశాడు. నల్లటి కంచం, దాని అంచు చుట్టూ బల్బు వెలుగు. రెప్ప వెయ్యకుండా చూశాడు.

"బాగున్నాది" అన్నాడు.

తొమ్మిది వాట్లు. సాంబారు మరక ఉన్న కంచం. ఆయన చూసిన సంపూర్ణం అదొక్కటే. తర్వాత గుండె, ఆసుపత్రి, రెండు రోజులు, సమాధులతోట. వర్షం పడింది. అందరూ గొడుగుల గురించి మాట్లాడుకున్నారు.

మొన్న అత్త నన్ను పైకి పిలిచింది. డబ్బా నాకు ఇస్తుందేమో అనుకున్నాను. ఇవ్వలేదు.

"ఒరే, ఆ కశ్మీరుకి టికెట్లు తియ్యి. రెండు. నాకొకటి, ఆ ఊడ్సే ఆవిడికొకటి."

"ఆవిడ వస్తానందా?"

"నానెల్లి అడిగినాను. సెయ్యి నాను లాగుతానని సెప్పినాను. అప్పుడు వస్తానన్నాది."

"అత్తా, నువ్వు ఒకసారి చూశావు గదా?"

"ఆయనకి సెప్పాల గదా, ఎలగున్నాదో. మొదటిసారి బేగి సూసీసినాను. బయమేసి."

ఎవరికి చెప్పాలో, ఎక్కడ చెప్పాలో నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి అనేస్తానని భయం వేసింది. ఫోను తీశాను. హౌరా నుంచి జమ్ము. కింది బెర్తులు రెండు. సీనియర్ సిటిజన్లు, ఇద్దరు. తేదీ దగ్గర ముప్పై నాలుగు కోసం వేలితో జరుపుతూ పోయాను. అత్త నా భుజం మీంచి చూస్తోంది.

రైలు రిజర్వేషను ప్రయాణానికి అరవై రోజుల ముందు నుంచే ఇస్తారు.